కొన్న పిక్కుల సెట్టా, హాక్సా బ్లేడా? నా ఆరు వందలు దండుగైనయా?

తుప్పుతాళం_రాజురా
మొన్న ఆన్‌లైన్ల 17 ముక్కల పిక్కుల సెట్టు, అంటె చావీ లేకుండ తాళం తీసే సన్న పుల్లలు, తెప్పిచ్చిన, ఆరు వందల చిల్లర పడ్డది. దాంతోని అద్దం లెక్క లోపల కనవడే ప్లాస్టిక్ తాళం ఒకటి ఫ్రీ. మొదటి రాత్రే ఆ ప్లాస్టిక్ తాళాన్ని నలభై సార్లు తీసిన. ఇగ నన్ను మించినోడు లేడనుకున్న. తెల్లారి అసలు తాళం పట్టుకుంటె సీను మారింది.

ఇంట్ల వాడకుండ పడున్న తాళాలు రెండు. ఒకటి చిన్న ఇత్తడిది, పాత సైకిల్ గొలుసుకు వేసేది, చావీ ఉన్నది. దాంట్ల పిక్కు పోతున్నది గని టెన్షన్ పట్టీ (పిక్కు తిప్పేటప్పుడు తాళాన్ని చావీ లెక్క బిగవట్టేది) రెండో రోజుకే మెలి తిరిగి జిలేబీ అయ్యింది. రెండోది మా తాత ఇనుప ట్రంకు పెట్టెది. అరచెయ్యంత ఉంటది, మీద ఉర్దూ అక్షరాలు కొట్టి ఉన్నయి. మా రాజురా మొదట నిజాం రాజ్యంలది, 1959 దాక ఇటు ఇప్పటి మహారాష్ట్రల చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాకు రానే రాలేదు కదా, నిజాం కాలపు సామాను ఇంకా ఇండ్లల్ల తిరుగుతనే ఉన్నది. దాని చావీ నేను పుట్టకముందే పోయిందట. సెట్టుల ఉన్న ముక్కలన్నీ దాంట్ల తిప్పిన. ఒక్కటన్న దేనికన్న తగుల్తె ఒట్టు. బాయిల గరిటె తిప్పినట్టే ఉన్నది.

పనికాడ మా ఫిట్టరన్న అంటడు, "పైసలు బూడిదల పోసినవ్ తమ్మీ, ఒక్క హాక్సా బ్లేడుతోని ఇంతకన్న మంచివి చేసుకోవచ్చు" అని. నిజంగ చేసినోళ్ళు ఎవరన్న ఉన్నరా? మంచి సెట్టు ఇంకోటి కొనాల్నా, ఆకురాయి పట్టుకొని కూసోవాల్నా?

ఆకురాయి
ముందు ఆ పెద్ద తాళం రంధ్రం ఎట్లున్నదో చెప్పు. సన్నగ వంకర చీలిక లెక్క ఉన్నదా, లేకపోతె పైన గుండ్రం కింద సందు ఉన్నదా?

తుప్పుతాళం_రాజురా
పైన గుండ్రం, కింద సందు. గుండ్రం నడుమల ఇనుప పుల్ల నిలవడి ఉన్నది.

బల్లార్షా_గార్డు
పుల్ల ఉన్నదంటె బోలు చావీ. మా అమ్మమ్మ దాంట్ల నోరు పెట్టి ఈల కొట్టేది.

ఆకురాయి
అట్లనే అనుకున్న. అది లీవర్ తాళం. నువ్వు 17 కాదు, 170 ముక్కలు తెచ్చినా దాన్ని పట్టవు. నీ తప్పు లేదు, సెట్టు తప్పూ లేదు, అమ్మెటోడు చెప్పలేదంతే.

ఆ సెట్లన్నీ పిన్ సిలిండర్ తాళాలకు చేసినయి. 1861ల అమెరికాల లైనస్ యేల్ పేటెంటు తీసుకున్న పద్ధతి అది. ఆయన తండ్రి పేరూ లైనస్ యేలే, ఆయనా తాళాలోడే, ఈయన కొడుకు. చావీతోని తిరిగే సిలిండర్ల వరసగ చిన్న చిన్న పిన్నులుంటయి, మీద స్ప్రింగులు నొక్కుతుంటయి. చావీ పండ్లు ఒక్కో పిన్నును ఎంత లేపాల్నో సరిగ్గ అంత లేపితె సిలిండర్ తిరుగుతది. పిక్కు చేసే పని అదే, ఒక్కొక్కటిగ.

లీవర్ తాళం లోపల ఇంకో లోకం. ఇత్తడి రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటయి. ప్రతి రేకుకు ఒక కిటికీ. చావీ రెక్క తిరుగుకుంట రేకులను లేపుతది, కిటికీలన్నీ ఒక్క వరసకొస్తె గడియ జరుగుతది. తక్కువ లేపినా ఆగుతది, ఎక్కువ లేపినా ఆగుతది. ఆ రెండో మెలిక పెట్టింది ఇంగ్లాండుల రాబర్ట్ బారన్, 1778ల. గోద్రెజ్ నవ్‌తాల్ తాళం మీద 7 లీవర్లు, 8 లీవర్లు అని కొట్టి ఉంటది చూడు, గవే రేకులు. మన దిక్కు ఇండ్లల్ల పాత తాళం కప్పలు ఎక్కువ ఇదే జాతి. గందుకే ఆ సెట్టు కొన్నోళ్ళల్ల మస్తు మంది నీ లెక్కనే వచ్చి ఇక్కడ ఏడుస్తరు.

బల్లార్షా_గార్డు
నేను రెండేండ్లు నవ్‌తాల్‌ల వంకర హుక్కు పెట్టి తిప్పిన. ఇయ్యాల తెలిసింది. ఎవరికీ చెప్పకున్రి.

మూడో_షిఫ్టు
చెప్పినం గార్డన్నా. స్టేషన్ మైకుల.

తుప్పుతాళం_రాజురా
అంటె పెద్దదాన్ని పక్కకు పెడుత. చిన్న ఇత్తడి దానికన్న సెట్టు పనికి రావాలె కదా? టెన్షన్ పట్టీ జిలేబీ ఎందుకైంది మరి?

కిన్వట్_కొలిమి
మెత్తటి రేకు గనుక. మాది కమ్మరి ఇల్లు, నాన్న ఇంకా కొలిమి ఊదుతడు, నేను బండ్ల పని చేస్తున్న. అగ్గువ సెట్లల్ల పిక్కులు కొంచెం నయమే ఉంటయి, పట్టీలే మోసం. అచ్చుల కొట్టిన మామూలు రేకుకు నికెల్ మెరుపు తొడుగుతరు. స్ప్రింగు స్టీలు అయితె వంచి వదిలితె వెనుకకు రావాలె. నీది వచ్చిందా?

హాక్సా బ్లేడు మాటకొస్తె, అన్ని బ్లేడ్లు ఒక్కటి కావు. మీ ఫిట్టరన్న చెప్పలేదేమో. మొత్తం గట్టి బ్లేడు ఉంటది, వంచితె ఫట్టుమని రెండు ముక్కలు, ఒక ముక్క కంట్ల కొచ్చినా రావచ్చు. ఇంకోటి బైమెటల్. దాంట్ల పండ్ల అంచు ఒక్కటే హైస్పీడ్ స్టీలు, వీపు వంగే స్టీలు. పిక్కుకు కావాల్సింది వీపు. పండ్లు మొత్తం గ్రైండర్‌కు తినిపించు. బ్లేడు మందం 0.6 మిల్లీమీటర్లకు కొంచెం అటిటు, దుకాణం పిక్కులు గూడ 0.4 నుంచి 0.6 నడుమనే ఉంటయి. అంటె మందం సరిపోయినట్టే.

ఆకారం కాయితం మీద గీసి బ్లేడుకు అతికించుకో. గ్రైండర్‌కు రెండు సెకన్లు, నీళ్ళ గిన్నెల ముంచు, మళ్ళ రెండు సెకన్లు. వేళ్ళతోని పట్టుకోలేనంత కాలుతున్నదంటె నీకు తొందర ఎక్కువైనట్టు. కొస దగ్గరికి వచ్చినంక గ్రైండర్ బంజేసి ఆకురాయే. అద్దాలు పెట్టుకో, ఇది జోక్ కాదు.

లెక్కల_సారు
ముఖ్యమైన మాట వదిలేశారు. రాపిడిలో ఉక్కు నీలం రంగుకు తిరిగితే దాని పదును, అంటే గట్టితనం, పోయినట్టే. ఆ ముక్క పారేసి కొత్తది మొదలుపెట్టాలి.

కిన్వట్_కొలిమి
సారూ, అందరూ అదే చెప్తరు గని సగమే నిజం. కార్బన్ స్టీలు కాలుకుంట పోతె ముందు గడ్డి రంగు, తర్వాత ఊదా, 300 డిగ్రీల కాడ నీలం, ఆ మీద బూడిద. నీలం అంటె స్ప్రింగు పదును. పాత గోడ గడియారం స్ప్రింగు ఏ రంగుల ఉంటది? నీలమే కదా. బూడిద రంగు దాక పోతె అప్పుడు మెత్తవడ్డట్టు. మీ భయం ఎక్కడ సరైందంటె, గ్రైండర్ కాడ కొస ఒక రంగు, నడుము ఒక రంగు అయితది, ఏది ఎంత కాలిందో తెల్వది. ఇగ హైస్పీడ్ స్టీలు అయితె 500 డిగ్రీల దాక దాని గట్టితనం పోనే పోదు, అందుకే ఆ పేరు.

లెక్కల_సారు
గడియారం స్ప్రింగు సంగతి ఒప్పుకుంటున్నాను. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాడికి పాఠం చెప్పావు.

మూడో_షిఫ్టు
నేను ఎదురు మాట్లాడుత. పోయిన ఎండాకాలం పిక్కులు పదకొండు చేసిన, తొమ్మిది విరిగినయి. ఒకదాని కొస మా స్టోర్ రూం తాళంల విరిగి ఇంకా అండ్లనే ఉన్నది, తాళం కోసి పారేసినం. లెక్క వెయ్యి: బ్లేడు, గ్రైండర్ రాయి, ఎమరీ కాయితం, రెండు ఆదివారాలు, ఇంట్ల తిట్లు. ఆ పైసలతోని మంచి కంపెనీ హుక్కు ఒకటి, పట్టీలు రెండు వస్తయి. 17 ముక్కలది కాదు, మూడు ముక్కలది.

వణీ_వాస్తవం
స్టోర్ రూం తాళం అంటె వాడుకల ఉన్న తాళమేనా? వాడే తాళం మీద నేర్చుకోవద్దని ఇక్కడ నూరుసార్లు చెప్పుకున్నం.

మూడో_షిఫ్టు
నా ఇంటిదే, నా తాళమే. కని వాడుకల ఉన్నదే, ఒప్పుకుంట. గందుకే కట్టర్ తెచ్చుడు అయ్యింది.

పర్లాకిమిడి_గుంటడు
మా ఊల్లో హాక్సా గీక్సా ఏటీ అక్కర్నేదు బావూ. పాత గొడుగు ఊసలుంతాయి కదా, అవే. నాలుగు ఊసలు పీకి సమ్మెటతో సదును సేసి సూసినాను. రొండు పగిలిపోనాయి, రొండు బాగా వొచ్చినాయి. తరవాత ఆసాడంలో మాయమ్మ గొడుగిప్పితే ఒక పక్క సెవి వేలాడీసిన కుక్కలాగ ఉంది. వర్సంలో తడిసి మహేంద్రతనయ ఒడ్డు నుంచి ఇంటికొచ్చి నా ఈపు సదును సేసింది.

బల్లార్షా_గార్డు
ఊస వంపు తిరిగిన కాలువ లెక్క ఉంటది కదా, సదును చేస్తె పగులుడు ఖాయం. వీపు పగలలేదా?

పర్లాకిమిడి_గుంటడు
ఈపు స్ప్రింగు స్టీలు. ఎనక్కి వొచ్చీసింది.

దేగ్లూర్_దీప
మీరందరు పిక్కు గురించే కొట్లాడుతున్నరు. తాళం తీసేది పిక్కు కాదు, పట్టీ. పిక్కు అడుగుతది, పట్టీ వింటది. పట్టీ మెత్తగుంటె లోపల పిన్ను కదిలిన సంగతి వేలు దాక రానే రాదు. తుప్పుతాళం తమ్మికి నడిచిన కథ అదే.

నా లెక్క ఇది: పిక్కు కొనుక్కో, పట్టీ చేసుకో. పిక్కు కొస మిల్లీమీటరు అటిటు అయితె తగలరాని పిన్నుకు తగుల్తది, దాన్ని చేతితోని రాకుడు అందరికీ రాదు. పట్టీకి అంత నాజూకు అవుసరం లేదు. కారు వైపర్ రబ్బరు లోపల రెండు సన్న స్టీలు బద్దలుంటయి, పొడుగున. మెకానిక్ షాపు ముంగట పారేసిన పాత వైపర్లు అడిగితె ఊకెనే ఇస్తరు. మా దేగ్లూర్ల నాందేడ్ రోడ్డు మీద మెకానిక్ కాక నాకు మూడు ఇచ్చి, వైపర్ ఎందుకు బిడ్డా, బండి లేదు కదా అన్నడు. ఆ బద్ద కొసను ఒక్క సెంటీమీటరు మెల్లగ, గుండ్రంగ వంచాలె. ఒక్కసారే మూల తిప్పితె విరుగుతది. నేను మొదటి రెండూ అట్లనే విరగ్గొట్టిన.

రంధ్రం కింద పెట్టే పట్టీ ఒకటి, పైన పెట్టే పట్టీ ఒకటి చేసుకోన్రి. కింద పెడితె పిక్కు తిరగనీకి జాగ ఉండదు చిన్న తాళాలల్ల. పైన పెట్టేది సందుల బిగ్గరగ కూసోవాలె, ఆకురాయితోని కొంచెం కొంచెం తీసుకుంట చూడాలె. ఇది ఏ సెట్టూ నీ తాళానికని చేసి పంపది.

ఆకురాయి
దీపక్క చెప్పినంక నేను చెప్పేది లేదు. "పిక్కు అడుగుతది, పట్టీ వింటది" గోడకు రాసుకుంట.

కిన్వట్_కొలిమి
పిక్కు కొనుక్కో అన్న కాడ నేను ఒప్పుకోను అక్కా. బ్లేడు భయమైతె ఫీలర్ గేజు తీసుకో. బండి ట్యాపెట్ గ్యాపు చూసే పట్టీల గుత్తి. ఒక్కో రేకు మీద మందం కొట్టే ఉంటది, 0.40, 0.50, 0.60. స్టీలు మంచిది, సాపు ఉంటది, పండ్లు గీకే పని లేదు. గుత్తి విప్పితె పది పిక్కులకు సరిపోను సరుకు.

మూడో_షిఫ్టు
మీ గ్యారేజీల ట్యాపెట్లు దేంతోని చూస్తున్రు మరి?

కిన్వట్_కొలిమి
అంచనాతోని 😄

దేగ్లూర్_దీప
ఫీలర్ గేజు మంచి మాట. కని పిడి? ఉత్త రేకు గంటసేపు పట్టుకుంటె వేలు కోసుకపోతది. నేను ఐస్ పుల్లలు రెండు పక్కల పెట్టి సైకిల్ ట్యూబు ముక్క చుట్టిన. లావు చుట్టొద్దు, పిన్ను టిక్కుమన్నది రబ్బరే తాగుతది.

సిరొంచ_ప్రాణహిత
నా అనుభవం వేరే దిక్కు నుంచి. చేసినదా కొన్నదా అనేది తాళానికి తెల్వకపోవచ్చు, పోలీసోళ్ళకు తెలుస్తది.

కాళేశ్వరంల సుట్టాలింటికి పోయి రాత్రి తొమ్మిదిన్నరకు గోదావరి వంతెన దాటి వస్తున్న. పోలీసు నాకా కాడ సంచి విప్పమన్నరు. సంచిల నా చేతి పిక్కులు, నల్ల టేపు చుట్టినయి, పాత గుడ్డల చుట్టలు చుట్టి. నేను చూస్తెనే నాకు దొంగలెక్క కనవడ్డది, వాళ్ళకు కనవడదా? మరాఠీల అడుగుతున్నరు, హిందీల చెప్తున్న, మధ్యల భయానికి తెలుగు వస్తున్నది. "కులూప్ ఉఘడాయచే ఛంద్ ఆహే" అన్న. తాళం తీసుడు హాబీ ఏందిరా అని ఒకాయన నవ్విండు, ఇంకొకాయన నవ్వలేదు. గంట కూసోవెట్టిన్రు.

ఏం కాపాడింది తెలుసా? మనమందరం తిట్టే ప్లాస్టిక్ అద్దం తాళం. సంచి అడుగున ఉండె. దాన్ని తీసి లైటు కింద పట్టుకొని పిన్నులు ఎట్ల లేస్తయో చూపిచ్చిన. నవ్వని ఆయన తానే రెండుసార్లు తీసి చూసిండు, మూడోసారి రాలేదు, కోపానికొచ్చిండు, పో అన్నడు. అప్పటి నుంచి చేతి పిక్కులు ఇల్లు దాటవు. బయటికైతె తోలు సంచిల కొన్న సెట్టే, తాళంతోని సహ.

వణీ_వాస్తవం
తమ్మీ, నువ్వు అదృష్టవంతుడివి. నేను కోర్టుల గుమాస్తాగ చేసిన. 1951 నాటి మహారాష్ట్ర పోలీసు చట్టంల 122వ సెక్షన్ ఒకసారి చదువుకో. పొద్దుగూకినంక పొద్దు పొడిచే లోపట, ఇండ్లు పగలగొట్టే పనిముట్టు దగ్గర పెట్టుకొని సరైన కారణం చూపకపోతె అదే నేరం. కారణం ఉన్నదని రుజువు చేసుకునే బరువు నీ మీదనే. చేసిన పిక్కా, కొన్న పిక్కా అని అండ్ల లేదు. పగలు ఇంట్ల కూసోని నీ తాళం నువ్వు తీసుకుంటె ఎవరికీ పని లేదు. రాత్రి సంచిల ఏసుకొని తిరుగుడు మాత్రం, తోలు సంచైనా గుడ్డ చుట్టైనా, ఎందుకు?

సిరొంచ_ప్రాణహిత
సుట్టాల పిల్లలకు చూపిద్దామని. ఇగ ఫోన్ల వీడియో చూపిస్త.

మోడ్_చంద్రపూర్
వణీ అన్న చెప్పింది అందరు గుర్తు పెట్టుకోన్రి. నీ సొంత తాళం, వాడుకల లేనిది. రెండూ ఉంటెనే. మొన్న ఒకాయన "కిరాయికున్నోళ్ళ గది తాళం ఎట్ల" అని అడిగిండు, పోస్టు తీసేసిన, ఆయన్ను గూడ.

లెక్కల_సారు
చేతిపని పనిముట్ల గురించి ఒక పాత కథ. 1790లో లండన్‌లో జోసెఫ్ బ్రామా కంపెనీవాళ్ళు తమ దుకాణం కిటికీలో ఒక తాళం పెట్టి, దీన్ని తీసే పనిముట్టు చేసినవాడికి 200 గినీలు (అప్పటి ఇంగ్లాండు బంగారు నాణేలు) ఇస్తామని బోర్డు కట్టారు. అరవై ఏళ్ళు ఎవరివల్లా కాలేదు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు అమెరికా నుంచి ఆల్‌ఫ్రెడ్ హాబ్స్ అనే తాళాల వ్యాపారి వచ్చాడు. ముందు చబ్ కంపెనీవాళ్ళ డిటెక్టర్ తాళం అరగంటలోపే తీశాడు. తరువాత బ్రామా తాళం పట్టాడు. దానికోసమని పనిముట్లు తానే చేయించుకుని, తాళానికే బిగించి, 16 రోజుల్లో మొత్తం 51 గంటలు కూర్చుని తీశాడు. గమనించండి, బోర్డు మీద రాసిందే "పనిముట్టు చేసినవాడికి" అని. కొన్నవాడికి కాదు.

మూడో_షిఫ్టు
51 గంటలా? మా ఇంట్ల 51 నిమిషాలు కూసుంటెనే గ్యాస్ బుక్ చేసినవా అంటరు.

బల్లార్షా_గార్డు
చబ్ డిటెక్టర్ అంటె ఏంది, మోగుతదా?

లెక్కల_సారు
మోగదు. ఎవరైనా లీవరును ఎక్కువ లేపితే అది అక్కడే ఇరుక్కుంటుంది. యజమాని చావీ పెట్టగానే తిరగదు, ఎవరో చెయ్యి పెట్టారని తెలుస్తుంది. 1818 నాటిది.

బల్లార్షా_గార్డు
మా అక్క చక్కెర డబ్బాకు గిసొంటిది కావాలె.

చావీవాలా_కొడుకు
చాన్నాళ్ళ నుంచి చదువుతున్న, ఎప్పుడూ రాయలేదు. మా నాన్న చంద్రపూర్ల బస్టాండు కాడ నలభై ఏండ్ల నుంచి చావీలు చేస్తున్నడు. ఆయన దగ్గర కొన్న పిక్కు ఒక్కటి లేదు, చేసిన పిక్కు గూడ మీరు చెప్పే అర్థంల లేదు. ఒక ఆకురాయి, ఒక చిన్న వైస్, పట్టకారు, రింగులకు గుచ్చిన కోరా (ఇంకా రాకని) చావీలు. తాళం తెస్తె చావీ రంధ్రంల కోరా చావీ పెట్టి కొద్దిగ తిప్పి తీస్తడు, ఎండకు పెట్టి చూస్తడు. రేకు తగిలిన కాడ సన్న మరక. అక్కడ రెండు రాపిళ్ళు. మళ్ళ పెడుతడు. టీ తాగేలోపు చావీ తయారు. తాళం తెరుచుకునుడే కాదు, గిరాకీ చేతిల చావీ ఉంటది.

మీరు "హాబీ" అంటుంటె నాకు ఒక్కోసారి మండుతది. నాన్న పేరు, ఫోటో రాసుకొని పోతరు స్టేషనోళ్ళు, ఎక్కడ దొంగతనమైనా ముందు ఆయన దగ్గరికే వస్తరు. మీరు ఆరు వందల సెట్టు కొని వీడియోలు పెడుతరు, మిమ్మల్ని ఎవరు అడుగరు.

సిరొంచ_ప్రాణహిత
నన్ను అడిగిన్రు కదన్నా.

చావీవాలా_కొడుకు
గంట కూసోవెట్టి పంపిన్రు. మా నాన్నను మూడుసార్లు రాత్రంత ఉంచిన్రు.

దేగ్లూర్_దీప
ఇది మేము ఎన్నడు సోంచాయించలేదు. నిజమే.

ఆకురాయి
నాన్నగారి పనిముందర మాది పిల్లల ఆట, అందుల అనుమానం లేదు. కని ఒక్క మాట. మా లాంటోళ్ళు తాళం విప్పి చూసుడు మొదలు పెట్టినంకనే ఏ తాళం ఉత్త డబ్బానో నలుగురికి తెలుస్తున్నది. గిరాకీ నాన్నగారి దగ్గరికి వచ్చి "మంచి తాళం ఏది" అని అడిగేది గూడ అందుకే.

చావీవాలా_కొడుకు
అడుగరన్నా. "అగ్గువది ఏది" అని అడుగుతరు.

తుప్పుతాళం_రాజురా
చావీవాలా అన్నా, తాత ట్రంకు తాళం తెచ్చి నాన్నగారికి చూపియ్యొచ్చా? తాళం పెట్టెకే ఉన్నది, ఊడది. పెట్టె ఆటోల తేవాలె.

చావీవాలా_కొడుకు
తీస్కరా. సోమారం తప్ప. పెట్టె నీదేనని ఎవరన్న పెద్దమనిషిని తోలుకొని రావాలె, నాన్న గది అడుగుతడు, ఎవరినైనా అడుగుతడు.

తుప్పుతాళం_రాజురా
పదిరోజులైంది, అప్‌డేట్.

ముందు చిన్న ఇత్తడిది. దీపక్క చెప్పినట్టు వైపర్ బద్ద తెచ్చిన. మొదటిది విరిగింది, రెండోది వంగింది. దాన్ని పైన పెట్టే పట్టీగ రాకిన, సందుల కూసోని ఊగకుండ నిలవడేదాక ఐదు సార్లు తీసి పెట్టి చూసిన. పిక్కు మాత్రం సెట్టుల ఉన్న చిన్న హుక్కే. దాని అంచులు గరుకుగ ఉండె, ఎమరీ కాయితం 400, 600, ఆఖరికి 1000 నంబరుతోని రుద్దిన. వేలు పెట్టి జారిస్తె అద్దం లెక్క అయ్యింది.

మంచం మీద కూసోని చిటికెన వేలుతోని పట్టీ మీద ఊపిరంత బరువు పెట్టిన. వెనుక నుంచి మూడో పిన్ను గట్టిగ ఉన్నది, మిగిలినయి స్ప్రింగు లెక్క ఊగుతున్నయి. మూడోదాన్ని లేపిన. చెవికి ఇనబడలేదు, గోరుకు తెలిసింది టిక్కుమని. తర్వాత మొదటిది. తర్వాత ఆఖరుది. అప్పుడు సిలిండర్ కొంచెం తిరిగి ఆగింది. నేను తీసేసిన అనుకున్న, తీయలేదు. ఇంకో పిన్ను పట్టుకోనే ఉన్నది. పట్టీ బరువు సగం వదిలిన, దాన్ని నొక్కిన, కొంకి ఎగిరి మోకాలుకు తాకింది. నలభై నిమిషాలు. మా అమ్మ ఏమైందిరా అని ఉరికొచ్చింది, నేను అరిచినట్టున్న.

కిన్వట్_కొలిమి
సెట్టు హుక్కు, చేతి పట్టీ. అంటె దీపక్క గెలిచింది. నేను ఇగ మాట్లాడ.

మూడో_షిఫ్టు
ఆరు వందలల్ల ఒక హుక్కు పని చేసింది. మిగిలిన 16?

తుప్పుతాళం_రాజురా
ఒకటి చెవిల గులిమి తీసుకోనీకి అమ్మ తీసుకుంది. వద్దంటె వినలేదు, పక్కకు దాచిన.

బల్లార్షా_గార్డు
ట్రంకు ఏమైంది? అసలు కథ గది కదా. తాత నాణేలా, నిజాం కాగితాలా?

తుప్పుతాళం_రాజురా
చెప్పాలంటె సిగ్గు. ఆదివారం ఆటో పిలిచి, మా మేనమామను పెద్దమనిషిగ తోలుకొని, పెట్టె ఎత్తుదామని గోడ నుంచి జరిపినం. వెనుక పక్క చూస్తె బందుల పుల్లలు రెండూ లేవు. మూత వెనుక నుంచి అలకగ లేస్తున్నది. అమ్మ వంటింట్ల నుంచి అంటది, "గదాన్ని ఎందుకు జరుపుతున్నవ్‌రా, లోపల వడియాలున్నయి." పెండ్లై వచ్చినప్పటి నుంచి వెనుక నుంచే తీసి పెడుతున్నదట. పుల్లలు నాయనమ్మనే తీసిందట, చావీ పోయిన వారంల.

వణీ_వాస్తవం
😂😂 లీవర్ తాళం, నిజాం ముద్ర, వెనుక వడియాలు.

లెక్కల_సారు
హాబ్స్‌కు 51 గంటలు. మీ నాయనమ్మకు ఎంతసేపు పట్టిందో కనుక్కో.

తుప్పుతాళం_రాజురా
అమ్మను అడిగిన సారూ. "సుత్తె, మేకు, ఇంతసేపు ఏంది" అన్నది.

చావీవాలా_కొడుకు
మరి పెట్టె తెస్తున్నవా, లేదా? నాన్నకు చెప్పిన, ఉర్దూ ముద్ర తాళం అంటె చూడాలని ఉన్నదట. అసొంటిది చేతికి రాక చానా ఏండ్లైంది అన్నడు.

తుప్పుతాళం_రాజురా
తెస్త. ఇప్పుడు మూత వెనుక నుంచి లేస్తున్నది కాబట్టి లోపలి నుంచి విప్పి తాళం ఒక్కటే తేవచ్చు, ఆటో ఖర్సు తప్పింది. నాన్నగారు రాకేటప్పుడు పక్కన కూసోని చూడొచ్చా?

చావీవాలా_కొడుకు
కూసో. ఎండకు అడ్డం కూసోకు, ఆయనకు మరక కనవడది. వచ్చేటప్పుడు ఆ వడియాలు కొన్ని తేరాదు.

పర్లాకిమిడి_గుంటడు
అన్నా, వైపర్ బద్దలు ఒక రొండు కొరియర్‌లో పంపితావేటి? మా ఇంట్లో ఇంకొక్క గొడుగే మిగిలింది.